క్రిస్మస్ పొద్దున బుజ్జాయికి ఏ టిఫిను? ముందు ఆరాధన ఎన్నింటికో చూసుకోండి

మా పెద్దవాడికి ఏడాదిన్నర ఉన్నప్పుడు క్రిస్మస్ పొద్దున నేను చేసిన టిఫిను ఫొటోలో ఇప్పటికీ చాలా అందంగా ఉంటుంది. గుండ్రటి అట్టు, దాని మీద స్ట్రాబెర్రీ టోపీ, అరటిపండు చక్రాలతో గడ్డం, రెండు ఎండు ద్రాక్షలతో కళ్లు. క్రిస్మస్ తాత నవ్వుతూ పళ్లెంలో పడుకున్నాడు. మావాడు ఆ ముఖాన్ని ఒకసారి చూసి, ఇల్లు ఎగిరిపోయేలా అరిచి కుర్చీ దిగిపోయాడు. ఆరాధనకు ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. చివరికి ముందురోజు మిగిలిన రెండు ఇడ్లీల మీద నీళ్లు చల్లి, వేడిచేసి, నెయ్యి రాసి పెడితే బుద్ధిగా తిన్నాడు. క్రిస్మస్ తాతను మా వారు నిలబడే తినేశారు.

ఆ తర్వాత ఇంకా నాలుగు క్రిస్మస్‌లు గడిచాయి, ఇంట్లో రెండో బిడ్డ కూడా వచ్చింది. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు పండగ పొద్దున ఏం పెట్టాలని ఎవరైనా అడిగితే నేను వంట పేరు చెప్పను. మీ చర్చిలో ఆరాధన ఎన్ని గంటలకు అని అడుగుతాను. ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది. మిగతా సగం మీ బిడ్డ నిద్ర ఎప్పుడు లేస్తుంది, చేత్తో తింటుందా, మీరు పెడితే తింటుందా అన్నవాటి మీద ఉంటుంది. పళ్లెం అందం వీటన్నిటి తర్వాతిది.

మాది గుంటూరు వైపు, అత్తవారిది మెదక్ దగ్గర పల్లె, మేము ఉండేది హైదరాబాదు. అందుకని మూడు రకాల క్రిస్మస్ పొద్దులూ చూశాను. మా పుట్టింట్లో 24 రాత్రి ఆరాధన ఉంటుంది. పిల్లలు పాటల మధ్యలోనే భుజం మీద నిద్రపోతారు, ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. మర్నాడు ఎనిమిదింటిదాకా లేవరు. లేచాక టిఫినుకు తొందర లేదు, కానీ నిద్ర చాలక చిరాకుగా ఉంటారు. అత్తవారింట్లో తెల్లవారుజామున బయల్దేరాలి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ కేథడ్రల్‌లో క్రిస్మస్ తొలి ఆరాధన ఇంకా చీకటి ఉండగానే మొదలవుతుంది. చలి, జనం, నిద్ర కళ్లు. ఆ వేళకు ఏ బిడ్డా ఇంట్లో కూర్చుని తినదు. టిఫిను డబ్బాలో వెళ్లాలి, ఆరాధన అయ్యాక ఆవరణలో దుప్పటి పరుచుకుని పెట్టాలి. హైదరాబాదులో ఉండిపోయిన ఏడు మాది తొమ్మిదిన్నర ఆరాధన. అన్నిటికన్నా సుఖంగా కనిపించేదీ, చివరికి అందరికన్నా ఆలస్యంగా వెళ్లేదీ ఈ రకం ఇంటివాళ్లే.

రాత్రి ఆరాధన ఇంటికి వేడిగా అప్పటికప్పుడు చేసేది నప్పుతుంది. తెల్లవారుజాము ఇంటికి చల్లారినా గట్టిపడనిది, చేత్తో పట్టుకోగలిగేది, పాలు లేనిది కావాలి. తొమ్మిదిన్నర ఇంటికి ఏదైనా సరే, పదిహేను నిమిషాలకు మించకూడదు.

వంటకాల్లోకి వెళ్లే ముందు, నేను బేరమాడని సంగతులు కొన్ని ఉన్నాయి. బిడ్డ ఇంతకుముందు తినని వస్తువును పండగ పొద్దున మొదటిసారి పెట్టను. గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు వంటివి పడకపోతే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, ఒక్కోసారి అంతకన్నా ప్రమాదమే అవుతుంది. డిసెంబరు 25న మీ డాక్టరు గారు కూడా ఊళ్లో ఉండకపోవచ్చు. కొత్తవి ఏమైనా ఉంటే పదో తేదీలోపే రుచి చూపించేయండి. రెండేళ్లు నిండేదాకా విడిగా కలిపిన చక్కెర వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. మన పిల్లల డాక్టర్లు చెప్పేదీ అదే. బెల్లమూ ఆ లెక్కలోదే, తేనె కూడా. ఏడాది లోపు బిడ్డకైతే తేనె చుక్క కూడా నాకించకూడదు, అందులో ఉండగల బ్యాక్టీరియా బీజాలు పసిపేగులో విషం పుట్టిస్తాయి. ఉప్పు సంగతికి వస్తే, ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజు మొత్తానికి 2 గ్రాములు దాటవద్దని బ్రిటన్ ఆరోగ్య సేవల సలహా. అంటే చిన్న చెంచాలో దాదాపు మూడో వంతు. పెద్దల పిండిలో మనం వేసే ఉప్పు చూస్తే అది ఎంత తక్కువో తెలుస్తుంది, కాబట్టి పిల్లల గిన్నె ముందే వేరుచేసుకోవడమే దారి. పరిమాణం గురించి కంగారు పడకండి. ఏడాది దాటిన బిడ్డకు పూటకు ముప్పావు కప్పు నుంచి కప్పు చాలు. పండగ రోజు అందులో సగం తిన్నా నేను ఊరుకుంటాను.

ఇక పోటీలో ఉన్నవాటి సంగతి.

గులాబీ ఇడ్లీ

నా మొదటి ఓటు దీనికే. పైగా అన్నిటికన్నా ఎక్కువ తప్పులు చేసిందీ దీనితోనే, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

మినప్పప్పు ఒక కప్పుకు ఇడ్లీ రవ్వ రెండు కప్పులు, రోజూ చేసే కొలతే. తేడా అంతా చలికాలంలో పులియడం దగ్గర వస్తుంది. వేసవిలో ఏడెనిమిది గంటల్లో పొంగే పిండి డిసెంబరులో హైదరాబాదులో పన్నెండు గంటలైనా బద్ధకిస్తుంది. అదే మెదక్, ఆదిలాబాద్ వైపైతే పొద్దున మూత తీస్తే రుబ్బినట్టే ఉంటుంది. 24 రాత్రి రుబ్బి 25 పొద్దున ఇడ్లీ వేద్దామనుకోవడం జూదం ఆడటమే. నేను 23 రాత్రి రుబ్బి, గిన్నెను దుప్పటి చుట్టి బియ్యం డబ్బా పక్కన పెడతాను. 24 మధ్యాహ్నానికి పొంగితే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. పొంగకపోతే ఇంకో ఆరు గంటలు చేతిలో ఉంటాయి.

ఒక చిన్న బీట్‌రూట్‌ను ఉడికించి మెత్తగా రుబ్బి, పిల్లల వంతు పిండిలో రెండు పెద్ద చెంచాలు కలపాలి. కలిపేటప్పుడు రంగు కళ్లు చెదిరేలా ఉంటుంది. ఉడికాక లేత గులాబీకి దిగుతుంది, నిరాశ పడకండి. ఒకసారి పిండి సరిగా పులియలేదని చిటికెడు వంటసోడా వేశాను. ఇడ్లీలు మెత్తగానే వచ్చాయి గాని, రంగు మట్టి పసుపు. పులుపు ఉన్నంతసేపే బీట్‌రూట్ ఎరుపు నిలుస్తుంది, సోడా తగిలితే చెడుతుంది. ఎక్కువసేపు ఉడికించినా అంతే. చిన్న బటన్ ఇడ్లీలైతే ఆరేడు నిమిషాలు చాలు, దించేయండి.

నక్షత్రాలు కావాలంటే నక్షత్రం అచ్చులున్న ఇడ్లీ పాత్ర కొననక్కర్లేదు. అంచున్న స్టీలు పళ్లానికి నెయ్యి రాసి, పిండిని వేలి మందాన పోసి ఆవిరి పట్టండి. చల్లారాక బిస్కెట్ల అచ్చుతో కోస్తే నక్షత్రాలు వస్తాయి. వేడిగా ఉండగా కోస్తే అంచులు చిరుగుతాయి. అంచుల్లో మిగిలిన ముక్కలు మనకు, సాంబారులోకి. ఇంటి ముందు వేలాడదీసిన నక్షత్రాన్ని నెల రోజులుగా చూపుడువేలితో చూపిస్తున్న బిడ్డకు, అదే ఆకారం పళ్లెంలో కనిపిస్తే వచ్చే సంబరం చూడాలి. మా చిన్నది దాన్ని పైకెత్తి ముందు కిటికీకి చూపించింది, తర్వాత ఒక కోణం కొరికింది.

డబ్బాలో తీసుకెళ్లడానికి దీన్ని మించింది లేదు. స్టీలు డబ్బాలో తడిపి పిండిన పలుచటి గుడ్డ పరిచి, నెయ్యి రాసిన ఇడ్లీలు పేర్చి, గుడ్డ మడిచి కప్పేస్తే రెండు మూడు గంటలు మెత్తగా ఉంటాయి. ఉత్త ఇడ్లీ మాత్రం పసిగొంతుకు అంటుకుంటుంది. నెయ్యో, కాస్త పెరుగో తోడుండాలి.

రెండు హెచ్చరికలు. కొత్త తెల్ల గౌను వేశాక ఇది పెట్టకండి. టిఫిను పాత చొక్కాలో, కొత్త బట్టలు మూతి కడిగాకే. రెండోది మా ఇంటి చరిత్రలో నిలిచిపోయింది. నాలుగు గులాబీ ఇడ్లీలు తిన్న మావాడి డైపర్ మధ్యాహ్నానికి ఎర్రగా కనిపించింది. నా చేతులు వణికాయి, బిర్యానీ పొయ్యి మీదే ఉండిపోయింది, మా వారు డాక్టరు గారికి ఫోను చేశారు. ఆయన పండగ శుభాకాంక్షలు చెప్పి, ‘‘పొద్దున బీట్‌రూట్ ఏమైనా పెట్టారా?’’ అని ఒక్క ప్రశ్న అడిగారు. కొందరు పిల్లల్లో ఆ రంగు అలాగే బయటికి వచ్చేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ముందే తెలిసి ఉంటే ఆ రోజు బిర్యానీ అడుగంటేది కాదు.

ఎరుపు పక్కన ఆకుపచ్చ ఉండాలని పాలకూర ఇడ్లీకి వెళ్లేవాళ్లున్నారు. నేనూ వెళ్లాను. పులిసిన పిండిలో ఆకుపచ్చ నిలవదు, ఆవిరికి పాచి రంగులోకి మారుతుంది. ఆకుపచ్చే కావాలంటే మన ఇళ్లలో దానికి తగింది ఎప్పటినుంచో ఉంది.

పెసరట్టు

పచ్చ పెసలు నాలుగైదు గంటలు నానితే చాలు, పులియబెట్టే పని లేదు. 24 రాత్రి నానబెట్టి పొద్దున రుబ్బుకోవచ్చు, లేదా రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పిల్లల వంతుకు పచ్చిమిర్చి, అల్లం లేకుండా కాస్త జీలకర్ర. పొట్టుతో రుబ్బిన పిండి కాబట్టి రంగు దానంతట అదే వస్తుంది. పలుచగా, కరకరలాడేలా కాల్చితే పిల్లలు నమలలేరు. కాస్త మందంగా వేసి, మూతపెట్టి, సన్న మంట మీద మెత్తగా ఉంచాలి. అచ్చుతో కోస్తే క్రిస్మస్ చెట్టు వస్తుంది. లోపం ఒక్కటే, చల్లారితే తోలులా సాగుతుంది. కాబట్టి డబ్బాకు పనికిరాదు, ఇంట్లో కూర్చుని తినేవాళ్లకే. ఎప్పుడూ పెసలు తినని బిడ్డకు కడుపు ఉబ్బుతుంది, ఆరాధనలో ఏడుపు మీరే భరించాలి.

అరటిపండు–రాగి చిట్టట్లు

రాత్రి ఆరాధన నుంచి వచ్చి ఆలస్యంగా లేచే ఇళ్లకు నేను చెప్పేది ఇది. ఇడ్లీతో పోటీపడేది కూడా ఇదొక్కటే.

బాగా మగ్గిన అరటిపండు, తొక్క మీద నల్ల చుక్కలు పడ్డది కావాలి. చక్కెరకేళి అయితే ఇంకేమీ కలపనక్కర్లేదు. కర్పూరం పండైతే కాస్త పులుపు తగులుతుంది, ఒక మెత్తటి ఖర్జూరం గింజ తీసి నానబెట్టి చిదిమి కలుపుతాను. పండు చిదిమి, నాలుగు పెద్ద చెంచాల రాగి పిండి, గుడ్డు అలవాటున్న బిడ్డకైతే ఒక గుడ్డు, లేదంటే రెండు మూడు చెంచాల పాలు. గరిటెతో కాదు, చెంచాతో వేయాలి. అరచేతిలో పట్టే చిట్టట్లు రావాలి. మంట సన్నగా ఉండాలి, పండులోని తీపి వల్ల పైన త్వరగా మాడుతుంది, లోపల పచ్చి మిగులుతుంది. మొదటి వాయి ఎప్పుడూ మాడుతుంది, అది వండినవాళ్ల వాటా.

రాగికి నేను మార్కులు ఎక్కువ వేయడానికి కారణం ఉంది. 100 గ్రాముల రాగిలో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు చెబుతున్నాయి. నాలుగు చెంచాల పిండిలో వంద మిల్లీగ్రాములకు పైమాటే. ఆ రోజు మిగతా పూటలన్నీ బిర్యానీకి, కేకుకు పోతాయి కాబట్టి పొద్దునే ఇంత లోపలికి వెళ్లడం మంచిదని నా లెక్క.

పండగ కళ దీనికి సులభంగా వస్తుంది. రంగు ముదురు గోధుమ, చూడటానికి కేకులాగే ఉంటుంది. మూడు చిట్టట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, రాత్రి గుడ్డలో కట్టి వడగట్టిన గడ్డపెరుగు ఒక చెంచా పైన వేస్తే మంచు పడినట్టు ఉంటుంది. దానిమీద ఎర్రగా ఏదైనా కావాలంటే స్ట్రాబెర్రీని సన్నగా తరిగి పెట్టండి. డిసెంబరులో మహాబలేశ్వరం పళ్లు హైదరాబాదు బళ్ల మీదికి వస్తాయి, విశాఖ వైపువాళ్లకు లంబసింగి తోటలవి దొరుకుతాయి. దానిమ్మ గింజలు మాత్రం రెండేళ్ల లోపు పిల్లలకు నేను పెట్టను. ద్రాక్ష పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి, అడ్డంగా కోసిన గుండ్రటి ముక్క గొంతులో సరిగ్గా బిరడాలా పడుతుంది. నా పాత క్రిస్మస్ తాతకు పెట్టిన ఎండు ద్రాక్ష కళ్లు కూడా తప్పే, మావాడు అరిచి దిగిపోవడం ఒక విధంగా మంచిదే అయింది.

దీని బలహీనత ముందురోజు పని. పిండి రాత్రే కలిపితే అరటిపండు నల్లబడి నీరు వదులుతుంది. రాత్రే కాల్చి పెట్టుకుని పొద్దున పెనం మీద వెచ్చబెట్టడం ఫరవాలేదు, అప్పటికప్పుడు కాల్చిన మెత్తదనం మాత్రం రాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు.

బాంబే టోస్టు

కొత్తవాళ్లు దీన్ని ఫ్రెంచ్ టోస్ట్ అంటారు, మా అమ్మ తరంలో బాంబే టోస్టే. ఒక గుడ్డు, పావు కప్పు పాలు, చిటికెడు యాలకుల పొడి గిలక్కొట్టి, అంచులు తీసిన బ్రెడ్డు ముంచి నెయ్యిలో కాల్చడమే. పది నిమిషాల పని. తొమ్మిదిన్నర ఇంటివాళ్లకు, అందులోనూ వంట నాన్న చేతిలో ఉన్న ఇళ్లకు దీనికి సాటి లేదు. మా వారికి తప్పకుండా వచ్చే వంట ఇదొక్కటే. పిల్లల డబ్బా పాలలాంటి తీపి వాసన వస్తుంది కాబట్టి తిండికి మొండికేసే బిడ్డ కూడా ఒక ముక్క అందుకుంటుంది. వేళ్లలా పొడవుగా కోసి ఇస్తే ఏడాది బిడ్డ కూడా గుప్పిట్లో పట్టుకుని తినగలదు.

ఇడ్లీతో పోలిస్తే ఎక్కడ వెనకబడుతుందంటే, కొన్న బ్రెడ్డులో ఉప్పు, చక్కెర రెండూ ముందే ఉంటాయి. ప్యాకెట్టు వెనక చూసి తక్కువ ఉన్నది తీసుకోండి, పాల బ్రెడ్డు అని అమ్మేది ఇంకా తీపి. గుడ్డు మధ్యలో తడిగా మిగలకూడదు, కాబట్టి బ్రెడ్డును నానబెట్టకుండా ముంచి తీసేయాలి. గుడ్డు, పాలు ఉన్నది కనుక గంటల తరబడి డబ్బాలో ఉంచే వస్తువు కాదు. చల్లారితే గుడ్డు వాసన కూడా వేస్తుంది. బ్రెడ్డును ముందే అచ్చుతో నక్షత్రంలా కోసి ముంచితే ఆకారం నిలుస్తుంది, కాల్చాక కోస్తే చెదురుతుంది.

పొంగలి, సేమ్యా

చలి గట్టిగా ఉండే ఊళ్లలో పొంగలిని మరిచిపోకండి. పెసరపప్పు, బియ్యం సమానంగా తీసుకుని, ఐదింతలు నీళ్లు పోసి కుక్కర్‌లో పెడితే మీరు చీర కట్టుకునేలోగా అయిపోతుంది. మిరియాలు పొడిగా వేయాలి, జీడిపప్పు కూడా పొడే. చూడటానికి పండగ కళ ఏమీ ఉండదు, నిజమే. పొంగలి తిన్న బిడ్డ దైవ సందేశం సగంలో ఉండగా ఒళ్లో నిద్రపోతుంది. దాన్ని లోపం అంటారో గుణం అంటారో మీ ఇష్టం.

సేమ్యా ఉప్మా పిల్లల చేతుల్లో నిలవదు, అంతా నేలే తింటుంది. సేమ్యా పాయసం అసలు టిఫిను కాదు. చక్కెర లేకుండా ఖర్జూరం ముద్దతో చేసి, ఆరాధన నుంచి వచ్చాక చిన్న గిన్నెలో ఇస్తే బాగుంటుంది. ఓట్స్ రాత్రే పాలలో నానబెట్టి పొద్దున పెట్టేవాళ్లున్నారు, వంటకు వంట ఉండదు. మా ఇంట్లో ఇద్దరూ ఉమ్మేశారు కాబట్టి నాకు అభిప్రాయం లేదు.

కేకు, అరిసెల పంచాయితీ

టిఫిను బదులు కేకు ముక్క పెట్టేద్దామా అనే ఆలోచన 25 పొద్దున ప్రతి తల్లికీ వస్తుంది. ప్లమ్ కేకులో ఎండు పళ్లను రమ్ములో నానబెట్టి ఉంటే అది పిల్లలకు పెట్టేది కాదు. బేకింగ్‌లో మద్యం మొత్తం ఎగిరిపోతుందని అనుకుంటాం గాని, కొంత మిగులుతుంది. ఆరెంజ్ రసంలో నానబెట్టి ఇంట్లో చేసింది అయినా చక్కెర సంగతి ఉండనే ఉంది, లోపల జీడిపప్పు పలుకులు, టూటీ ఫ్రూటీలు ఉంటాయి. రెండేళ్లు దాటిన బిడ్డకు బొటనవేలంత ముక్క, పలుకులు ఏరేసి, మధ్యాహ్నం భోజనం తర్వాత. పొద్దునే పెడితే ఇంకేదీ ముట్టదు, పదకొండింటికి ఆకలేసి ఏడుస్తుంది.

అసలు చిక్కు కేకుతో కాదు, డబ్బాల నిండా ఉన్న పిండివంటలతో. అరిసెలు, కజ్జికాయలు, గవ్వలు వారం ముందునుంచే సిద్ధం, ఇంట్లో పెద్దవాళ్ల చేతులు ఊరుకోవు. పోయినేడు మా అత్తయ్యకూ నాకూ వంటింట్లో జరిగింది ఇది.

‘‘పండగ పూట ఒక్క ముక్కకు ఏమవుతుందమ్మా? మీ ఆయన ఏడాదికే అరిసె తిన్నాడు.’’

‘‘మీరే పట్టుకుని చప్పరింపించండి అత్తయ్యా, చేతికి మాత్రం ఇవ్వకండి. అది కొరికిందంటే ముక్క గొంతులో పడుతుంది.’’

‘‘నాకు తెలియదా? ముగ్గుర్ని పెంచాను.’’

పెంచారు, నిజమే. ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టుకుని, అరిసె అంచు రెండుసార్లు నాకించి, మిగతాది తనే తిన్నారు. రూలు ప్రకారం అదీ వద్దు, తెలుసు. కానీ నానమ్మ ఒళ్లో రెండు నాకులకు నేను యుద్ధం చేయను. గవ్వలు, జంతికలు, ఉండ చాక్లెట్లు మాత్రం పిల్లల ఎత్తుకు అందకుండా పైన పెట్టించాను, అక్కడ రాజీ లేదు. పనిలో పనిగా క్రీస్తు పుట్టుక బొమ్మలతో ఇంట్లో పేర్చిన పశువుల పాక కూడా ఒకసారి చూడండి. మంచు కోసం చల్లిన థర్మోకోల్ ఉండలు పాకే పిల్లలకు మురమురాల్లా కనిపిస్తాయి. మా ఇంట్లో ఇప్పుడు దూదే వాడుతున్నాం, అది కూడా గొల్లవాళ్ల వెనక, చేయి అందని చోట.

అయితే దేన్ని ఎంచుకోవాలి?

తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకు గులాబీ ఇడ్లీ, రెండో మాట లేదు. 24 రాత్రి పది గంటలకు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున నీళ్లు చల్లి మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పడితే బాగా వేడెక్కుతాయి. పొద్దున చేయాల్సిందల్లా పొయ్యి వెలిగించడం. బయల్దేరే ముందు బిడ్డ పాలు తాగితే చాలు, టిఫిను అక్కడే. కారులో మాత్రం పెట్టకండి. కుదుపులో ముక్క గొంతులో పడితే వెనక్కి తిరిగి చూసేలోగా ఆలస్యమవుతుంది.

రాత్రి ఆరాధనకు వెళ్లి ఆలస్యంగా లేచేవాళ్లకు రాగి చిట్టట్లు. పెసరట్టు అలవాటున్న ఇల్లైతే రెండూ చిన్నచిన్నవి వేసి పక్కపక్కన పెట్టొచ్చు, నిద్ర చాలని పిల్లలు ఒకటి నెట్టేసినా ఇంకొకటి తింటారు. తొమ్మిదిన్నరవాళ్లకు, గుడ్డు పడే బిడ్డకు బాంబే టోస్టు. గుడ్డు పడకపోతే మళ్లీ ఇడ్లీకే రండి, బ్రెడ్డును ఉత్త పాలలో ముంచి కాల్చితే ముద్దవుతుంది. జలుబు చేసిన బిడ్డకు, పళ్లు వస్తున్న బిడ్డకు పొంగలి. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసే ఉమ్మడి ఇంట్లో, అందులో ఒకరికి గుడ్డో పాలో పడవని తెలిస్తే, అందరికీ నూనె రాసిన ఇడ్లీయే పెట్టేయండి. ఒకరి పళ్లెంలోది ఇంకొకరు లాక్కోవడం ఆ వయసు పిల్లల మొదటి హక్కు, వేరు వేరు వంటలు పెట్టి కాపలా కాయడం ఎవరి తరమూ కాదు.

బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ల లెక్క వేరు. మా ఆడపడుచు ఉండే డాలస్‌లో తెలుగు ఆరాధన పదకొండింటికి. పొద్దునంతా బహుమతుల కాగితాలు చింపడంతోనే సరిపోతుంది. ఆ గోలలో కుర్చీలో కూర్చోబెట్టి చెంచాతో పెట్టే తిండి ఏదీ సాగదు. తను టోస్టు వేళ్లు కోసి, కాగితాల పని ఆపించి, నేల మీదే బిడ్డను కూర్చోబెట్టి పెడుతుంది. ఇడ్లీ పిండి పొంగక విసిగిపోయి, ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి అందులో పెట్టడం నాకు నేర్పింది తనే. మెల్‌బోర్న్‌లో ఉన్న మా చెల్లికి క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది, పిండి ఆరు గంటల్లో పొంగి గిన్నె దాటుతుంది. అక్కడ చల్లటి గడ్డపెరుగు, మామిడిపండు ముక్కలు, పక్కన రెండు బటన్ ఇడ్లీలు. మామిడిపండుతో క్రిస్మస్ ఏమిటే అని మా అమ్మ ఇప్పటికీ ఫోనులో ఆశ్చర్యపోతుంది.

ఈ ఏడు మా వంతు మెదక్. బీట్‌రూట్ ఒకటి చాలు, మినప్పప్పు ఇంట్లో ఉంది. 23 సాయంత్రం నానబెట్టడం మరిచిపోకుండా ఫోనులో గుర్తు పెట్టాను, తెల్ల గౌను బీరువాలో పై అరలో ఉంది. డైపర్ సంగతి అత్తయ్యకు ఈసారి ముందే చెప్పాలి.